చట్టం ఊరిదాకా రావాలంటే

గత పదేళ్లలో వికలాంగుల హక్కుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులను వరుసగా చదివితే ఎవరికైనా ధైర్యం కలుగుతుంది. విమానం ఎక్కి కూర్చున్న సెరిబ్రల్ పాల్సీ ఉన్న మహిళను బలవంతంగా దింపేసినందుకు 2016లో పది లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. చేయి సహకరించక రాయలేకపోతున్న అభ్యర్థికి, వైకల్యం 40 శాతానికి చేరకపోయినా సరే, పరీక్షలో సహాయకుణ్ణి ఇవ్వాల్సిందేనని 2021లో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. చూపు లేనివాళ్లు న్యాయమూర్తులు కావడానికి వీల్లేదన్న మధ్యప్రదేశ్ నియమాన్ని 2025 మార్చిలో కొట్టేసింది. మరుసటి నెలలోనే, కంటిరెప్ప ఆర్పి చూపిస్తే తప్ప ముందుకు సాగని డిజిటల్ కేవైసీ పద్ధతిని మార్చమంటూ ఇరవై ఆదేశాలిచ్చింది.

ఇదే కాలంలో మన మండల కేంద్రాల్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపులో స్లాటు దొరక్క మీసేవ చుట్టూ తిరిగేవాళ్లు, సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణికో, ప్రజా సమస్యల పరిష్కార వేదికకో మూడు చక్రాల బండి మీద వచ్చి అర్జీ ఇచ్చేవాళ్లు, అన్నదమ్ములు పొలం పంచుకుని తనకు అన్నం పెడితే చాలన్నారని చెప్పుకునే చెవిటి యువకుడు, బ్యాంకులో ఏటీఎం కార్డు ఇవ్వబోమన్నారని వెనుదిరిగిన అంధురాలు. వీళ్లు మోసుకొచ్చేవన్నీ చట్టం కింద అడగదగ్గ ప్రశ్నలే. అయినా అవి దయ కోసం పెట్టుకున్న విన్నపాల్లాగే లోపలికి వెళ్లి, అలాగే తిరిగొస్తున్నాయి.

ఢిల్లీ తీర్పుకూ మండలంలోని అర్జీకీ మధ్య ఇంత దూరం ఎందుకుంది? చట్టం చాలకపోవడం వల్లనైతే కాదు. చట్టాన్ని చేతబట్టుకుని ఒక మనిషి పక్కన ఏళ్ల తరబడి నిలబడే స్థానిక న్యాయసేవా కేంద్రం మనకు దాదాపు లేదు. అలాంటి కేంద్రాన్ని ఎవరు నడపాలి, ఏ కేసులు ముందు పట్టుకోవాలి, ఎవరి మాట విని నడుచుకోవాలి, డబ్బు ఎక్కణ్ణించి రావాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారని లెక్క తేల్చింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు 22 లక్షలకు పైనే. ఆ లెక్క తీసిన తర్వాత వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు కూడా ఇప్పుడు ఆ పరిధిలోకి వచ్చారు. అంటే న్యాయసహాయం అవసరమయ్యేవాళ్ల సంఖ్య ఆ పాత అంకె కంటే ఎక్కువేనని అనుకోవాలి.

చట్టాల చరిత్రను ఇక్కడ క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. అదే ఏడాది డిసెంబరులో వికలాంగుల తొలి సమగ్ర చట్టం పార్లమెంటులో ఆమోదం పొందింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చాక లోకమంతటా ఆలోచన మారింది. వైకల్యాన్ని వైద్యులు తేల్చే లోపంగా చూడటం మానేసి, సమాజం అడ్డుగోడలు కట్టడం వల్ల పుట్టే అన్యాయంగా చూడటం మొదలైంది. మన దేశం 2007లో దాన్ని ధ్రువీకరించింది. ఆ ఒడంబడిక రూపుదిద్దుకున్న చర్చల్లో హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అమితా ధండా పాల్గొన్నారు. మతిస్థిమితం లేదన్న ముద్ర వేసి ఒక మనిషి సంతకానికీ మాటకూ విలువ లేకుండా చేసే చట్టాల మీద అప్పటికే ఆమె దీర్ఘకాలం పరిశోధన చేసి ఉన్నారు. నల్సార్ ఉన్న శామీర్‌పేటలో కూర్చుని పనిచేసిన ఒక అధ్యాపకురాలి ఆలోచన అంతర్జాతీయ చర్చలో వినిపించడం తెలుగు నేలకు గర్వకారణం. ఈ సంగతి మన పత్రికల్లో రావాల్సినంతగా రాలేదు. 2016 డిసెంబరులో ఆమోదం పొందిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది.

చట్టాలు వాటంతట అవే కదల్లేదు. భారతదేశంలో సీనియర్ న్యాయవాది హోదా పొందిన తొలి అంధుడు ఎస్.కె. రుంగ్టా ఉద్యోగ రిజర్వేషన్ల కోసం దశాబ్దాల పాటు కోర్టుల్లో వాదించారు. వీల్‌చైర్‌లో తిరుగుతూ ఉద్యమం నడిపిన జావేద్ ఆబిదీ వీధినీ కోర్టునూ కలిపారు. ఇటీవలి కాలంలో రాహుల్ బజాజ్, అమర్ జైన్ వంటి అంధ న్యాయవాదులు డిజిటల్ సేవల అందుబాటు మీద కేసులు నడుపుతున్నారు. కేవైసీ తీర్పుకు దారితీసిన రెండు పిటిషన్లలో ఒకటి అమర్ జైన్ వేసిందే. బాధ తెలిసినవాడే న్యాయవాది అయితే పిటిషన్ రాసే తీరే మారుతుంది. ఏ బటన్ దగ్గర ఆగిపోయాడో, ఏ తెర ఏం చదవలేదో అందులో వివరంగా ఉంటుంది.

అయితే ఈ విజయాల వెంటే ఒక చేదు నిజం కూడా నడుస్తోంది. మూడు శాతం రిజర్వేషన్‌ను మొత్తం ఖాళీల మీద లెక్కించాలని 2013లో తీర్పు వచ్చింది. 1995 చట్టం వచ్చిన పద్ధెనిమిదేళ్లకు గాని లెక్క ఎలా కట్టాలో తేలలేదన్నమాట. పదోన్నతుల్లోనూ రిజర్వేషన్ ఇవ్వాలని 2016లో చెప్పారు, 2020లో సిద్ధరాజు కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది, కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చేసరికి 2022 అయింది. ఈలోగా పదోన్నతి అందకుండానే ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. భవనాలు, రోడ్లు, రైళ్లు అందుబాటులో ఉండాలని రాజీవ్ రతూరీ 2005లో వేసిన కేసు ఇంకా పాఠం చెబుతోంది. 2017లో కోర్టు గడువులతో సహా ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని నల్సార్‌లోని వికలాంగ అధ్యయన కేంద్రానికి పని అప్పగించింది. ఆ కేంద్రం ఇచ్చిన ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’ నివేదిక మీద ఆధారపడి 2024 నవంబరు 8న మరో తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాల్లాగా ఉంచిన, 2016 చట్టం కింద చేసిన 15(1) నియమం మూల చట్టానికే విరుద్ధమని, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తేవాలని అందులో ఆదేశించింది. పిటిషన్ వేసిన పంతొమ్మిదేళ్లకు ఈ మాట వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఒక ఫైలును బతికించి ఉంచడం ఒక్క న్యాయవాది ఉత్సాహంతో అయ్యే పని కాదు. దానికి ఒక సంస్థ కావాలి, అందులో మనుషులు మారినా పని ఆగకూడదు.

ఇక రోజువారీ కేసులకు వద్దాం. నా లెక్కలో వికలాంగుల న్యాయసేవ అసలు బరువంతా ఇక్కడే ఉంది.

అన్నిటికీ ముందు సర్టిఫికెట్. తెలుగు రాష్ట్రాల్లో వికలాంగుడి బతుకు సదరం శాతం మీద తిరుగుతుంది. 40 వేస్తే పింఛను, బస్సు పాసు, రిజర్వేషన్. 38 వేస్తే ఏమీ లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000, పూర్తిగా మంచానపడ్డవాళ్లకు 15,000, తెలంగాణలో 4,016 రూపాయలు వస్తున్న పింఛను ఎన్నో ఇళ్లలో నికరంగా వచ్చే ఏకైక ఆదాయం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగి, శాతం తగ్గిందంటూ నోటీసులు వెళ్లినప్పుడు ఊళ్లలో ఎంత కలవరం రేగిందో చూశాం. ఆందోళనల తర్వాత అప్పీలుకు వీలు కల్పించారు. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వం పనే, అందులో తప్పు లేదు. కానీ ఆ పని ఎలా జరగాలన్నది చట్టం తేల్చాల్సిన విషయం. ముందుగా నోటీసు ఇచ్చారా? శాతం ఎందుకు తగ్గిందో డాక్టరు కారణం రాశారా? 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో ఆ కాగితం మీద ఉందా? నడవలేని మనిషిని అరవై కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రికి రమ్మనడం న్యాయమేనా? ఒక్కొక్కరు విడివిడిగా ఈ ప్రశ్నలు అడిగితే గుమాస్తా కసురుకుంటాడు. జిల్లాలో రెండు వందల మంది కాగితాలను ఒకచోట చేర్చి, అందరికీ జరిగిన ఒకే లోపాన్ని ఎత్తిచూపి హైకోర్టుకు వెళితే ప్రభుత్వం తన పద్ధతినే మార్చుకోక తప్పదు. చిన్న అర్జీల్లో పెద్ద కేసును గుర్తుపట్టడమే ఇలాంటి కేంద్రానికి నాయకత్వం వహించేవాళ్లకు ఉండాల్సిన మొదటి నేర్పు. దానికి ముందు ప్రతి చిన్న అర్జీనీ ఓపిగ్గా, ఒకే తీరులో నమోదు చేసే అలవాటు ఉండాలి. చూడటానికి ఇది గుమాస్తా పనిలాగే ఉంటుంది. కానీ పెద్ద కేసులకు పునాది పడేది ఆ రిజిస్టరులోనే.

ఆస్తి తగాదాలు అంతకంటే లోతైనవి. పాత హిందూ ధర్మశాస్త్రం అంధులకు, బధిరులకు, అంగవైకల్యం ఉన్నవాళ్లకు వారసత్వం లేదంది. 1928 నాటి చట్టం ఆ అడ్డంకిని తీసేసింది గానీ, పుట్టుకతో మానసిక వైకల్యం ఉన్నవాళ్లను మాత్రం బయటే ఉంచింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఏ వ్యాధి వల్లా, ఏ లోపం వల్లా ఎవరూ వారసత్వం కోల్పోరని తేల్చేసింది. ఇప్పుడు 2016 చట్టం 13వ సెక్షన్ ఆస్తి కలిగి ఉండే హక్కు, డబ్బు వ్యవహారాలు నడుపుకునే హక్కు అందరితో సమానమంటోంది. సహాయం చేసేవాడికీ వికలాంగుడికీ మధ్య ప్రయోజనాల ఘర్షణ ఉంటే, ఆ వ్యవహారంలో సహాయకుడు తప్పుకోవాలని కూడా రాసింది. ఇంత స్పష్టమైన చట్టం ఉండగా పల్లెల్లో పంపకాల రోజున ఏం జరుగుతోంది? “వాడికెందుకు పొలం, మేం చూసుకుంటాంగా” అన్న మాటతో వాటా పోతోంది. ఆ మాట అనే అన్న చెడ్డవాడు కాకపోవచ్చు, నిజంగానే చూసుకుంటాడు కూడా. అతని తర్వాత అతని పిల్లలు చూసుకుంటారా అన్నదే ప్రశ్న.

మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఏ న్యాయవాది దగ్గరకు వచ్చినా అడిగే మొదటి మాట “మా తర్వాత వీడి గతేంటి?” అన్నదే. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు స్థాయి అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. 2016 చట్టం 14వ సెక్షన్ మాత్రం పరిమిత సంరక్షణ గురించి మాట్లాడుతుంది. అందులో నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, అదీ ఫలానా పనికి, ఫలానా కాలానికి మాత్రమే. ఈ రెండు చట్టాలూ ఒకే బండికి కట్టిన రెండు ఎడ్లలాగా చెరో వైపు లాగుతున్నాయి. మొదటిది రక్షణ వైపు మొగ్గింది, రెండోది స్వేచ్ఛ వైపు. అమితా ధండా వంటి వాళ్లు రెండో దారినే బలంగా సమర్థించారు. పింఛను ఖాతా తెరవడానికి బ్యాంకు గార్డియన్ కాగితం అడిగితే తప్ప మొదటి దారి తొక్కని కుటుంబాలున్నాయి. ఈ విషయంలో నేను రెండో దారి పక్షమే. అయితే ఆ దారి నిలబడాలంటే పక్కనుండి అర్థమయ్యేలా చెప్పి, అభిప్రాయం కనుక్కునే మనుషులు కావాలి. వాళ్లు లేకుండా స్వేచ్ఛ గురించి ఎంత మాట్లాడినా ఆ తల్లిదండ్రుల భయం పోదు.

నేరాల విషయంలో తెలుగు నేల నుంచే వెళ్లిన కేసు ఒకటి దేశానికి మార్గదర్శి అయింది. 2011లో కర్నూలు జిల్లాలో పుట్టంధురాలైన ఒక దళిత యువతిపై అత్యాచారం జరిగింది. నిందితుడు ఆ ఇంటికి వచ్చిపోయేవాడే. ఆమె అతణ్ణి గొంతును బట్టి గుర్తుపట్టింది. పఠాన్ జమాల్ వలీ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. చూపు లేని మనిషి గొంతును బట్టి గుర్తుపట్టడం చూపున్న మనిషి కళ్లతో గుర్తుపట్టడంతో సమానమేనని, వైకల్యం ఉన్న సాక్షి మాటకు విలువ తగ్గించి చూడరాదని చెప్పింది. కులం, స్త్రీగా పుట్టడం, అంధత్వం, ఈ మూడూ కలిసి ఆమెను ఎంత నిస్సహాయ స్థితిలో నిలబెట్టాయో విడమరచి రాసింది. పోలీసులకు, న్యాయవాదులకు, న్యాయమూర్తులకు శిక్షణ ఉండాలంది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడ్డ శిక్షను మాత్రం నిలబెట్టలేకపోయింది. కులం కారణంగానే నేరం చేశాడని చూపే సాక్ష్యం దాఖలు కాలేదు, నేరం జరిగిన 2011 నాటికి చట్టం అలాంటి రుజువునే కోరేది. బాధితురాలు ఆ కులానికి చెందినదని తెలిసి చేస్తే చాలన్న సవరణ 2016లో వచ్చింది.

ఈ తీర్పు స్థానిక న్యాయసేవకు ఒక పాఠం. సుప్రీంకోర్టులో తేలేది మొదటి రోజు పోలీస్ స్టేషన్లో రాసిన కాగితం మీద ఆధారపడి ఉంటుంది. వైకల్యం ఉన్న బాధితురాలి ఫిర్యాదును ఆమె ఇంటి దగ్గరే, మహిళా అధికారి చేత, దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో నమోదు చేయాలని, వీడియో తీయాలని చట్టం చెబుతోంది. మేజిస్ట్రేటు ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలాన్నే విచారణలో ప్రధాన సాక్ష్యంగా తీసుకుంటారు, అంతా మళ్లీ మొదటినుంచి చెప్పించనక్కర్లేదు. 2013లో వచ్చిన ఈ ఏర్పాట్లు ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. కానీ బడికి వెళ్లని బధిర యువతికి ఇంట్లో అల్లుకున్న సైగలే తప్ప నేర్చుకున్న సైగల భాష ఉండదు. ఆమె మాట అర్థమయ్యేది అమ్మకో చెల్లికో మాత్రమే. నిందితుడు బంధువే అయితే వాళ్ల అనువాదాన్ని నమ్మడం ఎలా? ఇలాంటి చోట బధిరుడైన దుబాసీ ఒకరు, వినగల దుబాసీ ఒకరు జంటగా పనిచేసే పద్ధతి ఉంది. జిల్లాకు అలాంటి జంట ఒక్కటి సిద్ధంగా ఉన్నా ఎన్నో కేసుల గతి మారుతుంది.

ఉద్యోగాల సంగతిలో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసును గుర్తు చేసుకోవాలి. రంగులు సరిగా గుర్తించలేడని వైద్య పరీక్షలో తేలడంతో అతణ్ణి ఇంటికి పంపేశారు. వేరే పని ఇవ్వమని అడిగితే కుదరదన్నారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి తగిన ఉద్యోగం ఇవ్వమంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదని 1995 చట్టం నుంచీ ఉన్న రక్షణ స్ఫూర్తి ఒకవైపు ఉంది. దానితోపాటు ఆ డ్రైవరుకు గట్టి ఆసరాగా నిలిచింది 1979లో కార్మిక సంఘాలు ఆర్టీసీ యాజమాన్యంతో కుదుర్చుకున్న ఒప్పందంలోని ఒక నిబంధన. నలభై ఐదేళ్ల క్రితం ఎవరో కార్మిక నాయకులు పట్టుబట్టి రాయించిన వాక్యం ఇవాళ ఒక కుటుంబాన్ని నిలబెట్టింది. వికలాంగుల న్యాయసేవ కార్మిక సంఘాలకు, మహిళా సంఘాలకు, ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద పుట్టిన ఊరి వికలాంగుల సంఘాలకు, మండల సమాఖ్యలకు దగ్గరగా ఉండాలని నేను అనేది అందుకే.

మానసిక ఆరోగ్యం గురించి ఒక్క మాట. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు మంటల్లో తప్పించుకోలేక కాలిపోయారు. ఆ విషాదం తర్వాత 2017లో గాని కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాలేదు. రోగికి ఉచిత న్యాయసహాయం, తన చికిత్స గురించి ముందే రాసిపెట్టుకునే హక్కు, ఫిర్యాదు వినే సమీక్షా బోర్డులు అందులో ఉన్నాయి. ఎర్రగడ్డలోనో, విశాఖలోనో మానసిక ఆస్పత్రిలో నయమైనా ఇంటివాళ్లు తీసుకెళ్లక మిగిలిపోయిన మనిషికి ఆ హక్కులను లోపలికి వెళ్లి చెప్పేవాళ్లు కావాలి.

లోపలికి వెళ్లే అధికారం గురించి అమెరికాను చూడాలి. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ ఆశ్రమంలో మేధో వైకల్యం ఉన్న పిల్లలు ఎంత దారుణమైన స్థితిలో ఉన్నారో 1972లో టీవీలో చూసి దేశం నిర్ఘాంతపోయింది. 1975లో చేసిన చట్టం ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల రక్షణకు ఒక న్యాయసంస్థ ఉండాలంది. ఆ సంస్థలు ఏ ఆశ్రమంలోకైనా వెళ్లి మనుషులతో మాట్లాడవచ్చు, రికార్డులు చూడవచ్చు, కేసులు వేయవచ్చు. నిధులు ప్రభుత్వానివే, అయినా ప్రభుత్వం మీదే దావా వేయగలిగేంత స్వతంత్రం వాటికి ఉంది. ఆస్ట్రేలియాలో దారి వేరు. 1972 డిసెంబరులో మెల్బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్ టౌన్‌హాలు నేలమాళిగలో కొందరు స్వచ్ఛందంగా సాయంత్రాలు కూర్చుని ఇచ్చిన ఉచిత సలహాలు క్రమంగా దేశమంతా సామాజిక న్యాయకేంద్రాలుగా విస్తరించాయి. అందులో వికలాంగుల కోసమే పనిచేసేవి ఉన్నాయి. విక్టోరియా రాష్ట్రంలోని విల్లమాంటా మేధో వైకల్యం ఉన్నవాళ్ల కేసుల మీద ప్రత్యేకించి పనిచేస్తుంది. ఒకే కేంద్రం సలహా ఇస్తుంది, కేసు నడుపుతుంది, జనానికి చట్టం నేర్పుతుంది, అనుభవంలో తేలిన లోపాలను పట్టుకుని చట్టం మార్చమని అడుగుతుంది. ఈ నాలుగూ ఒకే గదిలో ఉండటంలోనే ఆ పద్ధతి బలం ఉంది.

మన దగ్గర ఆ గది ఖాళీగా ఉందని అనలేం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి, 15100 నంబరుంది, పారాలీగల్ వాలంటీర్లున్నారు. కానీ ప్యానెల్ న్యాయవాది కేసుకింత అని తీసుకుంటాడు, వాయిదాకు వాయిదాకు మనిషి మారవచ్చు. వైకల్యం గురించి అతనికి శిక్షణ ఉండాలన్న పట్టింపు లేదు. 2016 చట్టం కింద ఉండే వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు సివిల్ కోర్టు తరహా అధికారాలున్నా చివరికి ఇవ్వగలిగేది సిఫారసే. దాన్ని అందుకున్న శాఖ మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో చెప్పాలి. ఆ గడువును తేదీలతో సహా వెంటాడేవాళ్లు లేకపోతే సిఫారసు బీరువాలో పడి ఉంటుంది. ఆ చట్టం కోరే ప్రత్యేక కోర్టులు, ప్రభుత్వ న్యాయవాదుల నియామకాల కోసం రాష్ట్రాల వెంటపడాల్సిన పరిస్థితి సుప్రీంకోర్టుకే వచ్చింది. వికలాంగుణ్ణి నలుగురిలో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష వేసే 92వ సెక్షన్ అదే చట్టంలో ఉందని ఊళ్లో ఎందరికి తెలుసు?

అన్నిటికంటే ముందు, నేను అడుగుతున్న స్థానిక కేంద్రానికి ఎవరు నాయకత్వం వహించాలి? వికలాంగులే వహించాలన్నది నా స్థిరమైన అభిప్రాయం. “మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు” అని ఉద్యమం అంటున్నది న్యాయవాదుల గదికి కూడా వర్తిస్తుంది. నాయకత్వం వహించే మనిషి తప్పనిసరిగా న్యాయవాదే కానక్కర్లేదు. కోర్టులో వాదించడం ఒక నైపుణ్యం, ఏ కేసు ముందు, ఏది తర్వాత అని తేల్చడం వేరే నైపుణ్యం. ఆ తేల్చే కమిటీలో పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డవాళ్లు, చూపు లేనివాళ్లు మాత్రమే ఉంటే కూడా చాలదు. మన సంఘాల్లో వాళ్ల గొంతే బలంగా వినిపిస్తుంది. బధిరులు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక వ్యాధి అనుభవించినవాళ్లు, ముఖ్యంగా వాళ్లలోని స్త్రీలు వెనకే ఉండిపోతారు. నాయకత్వం అనేది ఆ వెనక వరసను ముందుకు తెచ్చే పని.

తర్వాతిది, ఎవరి మాట మీద వకాల్తా నడవాలన్నది. వికలాంగుడు గుమ్మంలోకి రాగానే న్యాయవాది చూపు పక్కనున్న తండ్రి మీదకు, అన్న మీదకు పోతుంది. ప్రశ్నలు వాళ్లనే అడుగుతాడు. కక్షిదారు ఎవరన్నది అక్కడే తారుమారైపోతుంది. 2009లో చండీగఢ్ కేసులో, మేధో వైకల్యం ఉన్న గర్భిణి తన బిడ్డను కంటానంటే ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. చుట్టూ ఉన్న పెద్దలంతా ఆమె మంచి కోసమే ఆలోచిస్తున్నామనుకున్నారు. ఆమె ఏమంటోందో కోర్టు విన్నది. మంచి కేంద్రంలో కుటుంబసభ్యులను కాసేపు బయట కూర్చోబెట్టి, కక్షిదారుతో విడిగా, తేలిక మాటల్లో, బొమ్మలతో, అవసరమైతే రెండు మూడు సార్లు మాట్లాడే నియమం ఉండాలి. ఇది సమయం తింటుంది. ఒక మామూలు కేసుకు పట్టే సమయానికి మూడింతలు దీనికి పట్టవచ్చు. కేంద్రం ఏడాదికి ఎన్ని కేసులు చూసిందన్న అంకెతో దాని పనిని కొలిచేవాళ్లకు ఇది అర్థం కాదు. ఆ కొలతకు లొంగకుండా నిలబడటం కూడా నాయకత్వమే.

డబ్బు మాటకొస్తే, వీల్‌చైర్లు పంచడానికి కంపెనీలు ముందుకొస్తాయి. ర్యాంపు లేని కలెక్టరేట్ మీద కేసు వేయడానికి నిధులిచ్చేవాళ్లు అరుదు. అందుకే ఇలాంటి కేంద్రం ప్రజాధనంతోనే నడవాలి, స్వతంత్రంగానూ ఉండాలి. దీనికి నమూనా మన చేతిలోనే ఉంది. క్రిమినల్ కేసుల్లో నిందితుల కోసం 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ జిల్లాల్లో జీతం మీద పూర్తికాలం పనిచేసే న్యాయవాదుల వ్యవస్థ తెచ్చింది. కేసుకింత అనే పద్ధతి నుంచి అది పెద్ద మలుపు. అలాంటిదే వికలాంగుల కోసం జిల్లాకు ఒకటి ఉండాలి. ఇద్దరు పూర్తికాలం న్యాయవాదులు, ఒక సైగల భాష దుబాసీ, మండల సమాఖ్యల నుంచి వచ్చిన వికలాంగ పారాలీగల్ వాలంటీర్లు, మెట్లు లేని ఒక గది, తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక కంప్యూటర్. అడుగుతున్నది ఇంతే. నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదువుతున్న వికలాంగ విద్యార్థులకు ఆ కేంద్రాలు తొలి ఉద్యోగాలు కావచ్చు.

అవి వచ్చేదాకా ఆగనవసరం లేని పని ఒకటి ఇవాళే మొదలుపెట్టవచ్చు. 2016 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా వికలాంగుల ఫిర్యాదుల కోసం ఒక అధికారిని నియమించాలి. ఆయన ఒక రిజిస్టరు నిర్వహించాలి, అందులోకెక్కిన ప్రతి ఫిర్యాదునూ రెండు వారాల్లో విచారించాలి, ఫిర్యాదుదారుకు తృప్తి కలగకపోతే జిల్లా కమిటీకి వెళ్లవచ్చు. ఆస్పత్రి, డిపో, బడి, తహసీల్దారు కార్యాలయం, దేనికైనా ఇది వర్తిస్తుంది. మండల సమాఖ్య సభ్యులు నలుగురు కలిసి వెళ్లి ఆ అధికారి పేరేమిటని అడగవచ్చు, రిజిస్టరు చూపించమనవచ్చు, లేదంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. అసలు రిజిస్టరే లేదన్న రాతపూర్వక జవాబు వచ్చినా, కమిషనరు దగ్గర పెట్టే మొదటి పిటిషన్‌కు అదే మొదటి అనుబంధ పత్రం అవుతుంది.